కనబడని మీటరు

ముందు వరసలో మాస్టారి భార్య, మన అమ్మగారు కూర్చున్నారు. వెనక ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళున్నారు, ఆయన చేత తిట్లు తిన్నవాళ్ళున్నారు. రెండు జాబితాల్లోనూ ఉన్నవాళ్ళే ఈ హాల్లో ఎక్కువ అనుకుంటాను.

మాస్టారి స్మృతిలో జరిగే ఈ సభకు పిలిచినప్పుడు మొదట వెనకాడాను. మాస్టారి పేరు మీద మాట్లాడటమంటే రేడియో గురించి మాట్లాడటం. వాల్వు రేడియో విప్పి బిగించడం ఆయనకు చుట్ట వెలిగించుకున్నంత తేలిక. నేనేమో సాఫ్ట్‌వేరు మనిషిని, సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని ఇరవై ఏళ్ళు దాటింది. అయితే ఆయన అడిగిన ఒక ప్రశ్నకు నేను జవాబు బాకీ పడ్డాను. ఆ బాకీ ఈ వేదిక మీద తీర్చుకుందామని ఒప్పుకున్నాను.

2000 డిసెంబరులో సెలవు మీద ఇంటికొచ్చాను. అప్పటికి ఇంగ్లండులో, రెడింగ్ అనే ఊళ్ళో ఉంటున్నాను. 2000 సంవత్సరం తేదీలకు కంప్యూటర్లను సరిచేసే వైటూకే పని అయిపోయాక మనవాళ్ళు చాలామంది ఏది దొరికితే దాంట్లో దూరినట్టే నేనూ ఒక చిన్న కంపెనీలో దూరాను. మొబైల్ తెర మీద కనబడే ఇంటర్నెట్ పేజీలు రాయడం మా పని. జేబులో నోకియా 7110 ఉండేది. మీట నొక్కితే మూత టక్కున కిందికి జారే ఫోను. మాస్టారికి చూపించి గొప్ప పోదామని తీసుకెళ్ళాను. ఇక్కడ అందులో నెట్ రాదు కాబట్టి నోటితోనే వర్ణించాను. రైలు టైము చూడొచ్చు, వాన పడుతుందో లేదో చూడొచ్చు, వార్తలు చదవొచ్చు, కంప్యూటరు అక్కర్లేదు, తీగ అక్కర్లేదు. ఆయన ఫోను అటూ ఇటూ తిప్పారు. వెనక మూత తీసి బ్యాటరీ చూశారు. మళ్ళీ బిగించారు.

"బాగానే ఉంది గానీ, మీటరు ఎక్కడుందిరా?"

"మీటరేమిటండీ?"

"డబ్బు తిరిగే మీటరు. ఎంతయిందో నీకెలా తెలుస్తుంది?"

"నెలాఖరుకి బిల్లు వస్తుంది మాస్టారూ."

ఆయన ఫోను నా చేతిలో పెట్టేసి, "అయితే జనం దీన్ని ముట్టుకోరు" అన్నారు. అంతలో కాఫీ వచ్చింది, మాట మారిపోయింది.

ఆ మాటకు మూలం మన కాలేజీ గేటు ఎదురుగా ఉండే ఎస్టీడీ బూత్ అని నాకు తర్వాత్తర్వాత అర్థమైంది. ఇప్పటి పిల్లల కోసం కొంచెం చెప్పాలి. అంతకు ముందు పై ఊరికి ఫోన్ చెయ్యాలంటే ట్రంకాల్ బుక్ చేసి పోస్టాఫీసులో పడిగాపులు పడాలి. మూడు నిమిషాలకో లెక్క. ఆపరేటరు మధ్యలో దూరి మూడు నిమిషాలయిందని చెబితే గుండె జారిపోయేది. 1980ల చివర్లో ఊరూరా ఎస్టీడీ బూత్‌లు వచ్చాయి. వాటిలో నాకు కనిపించే గొప్పతనం నేరుగా నంబరు తిప్పుకోవడం ఒక్కటే కాదు. అద్దాల గదిలో, కళ్ళెదుట, ఎర్రగా వెలిగే అంకెల పెట్టె. ఒక్కో పల్సు పడుతుంటే అంకె మారుతుంది. చేతిలో పదిరూపాయల కాగితం ఉన్నవాడు ఆ అంకెల మీద చూపు పెట్టి, తొమ్మిది దాటుతుండగా "ఉంటానమ్మా" అని పెట్టేసేవాడు. రాత్రి పదకొండు దాటితే పావు ఛార్జీ అని తెలిసి, స్వెట్టర్లు వేసుకుని వచ్చి వరసలో నిలబడేవారు. అక్షరం రాని ముసలమ్మకు కూడా ఆ మీటరు అర్థమయ్యేది. కొత్త యంత్రమంటే జనం భయపడతారని మనం తేలిగ్గా అనేస్తాం. ఎస్టీడీ బూత్ కొత్త యంత్రం కాదూ? దానికి ఎవరూ భయపడలేదు.

ఇక నా జేబులోని ఫోను సంగతి. 1997లో నోకియా, ఎరిక్‌సన్, మోటరోలా, అన్‌వైర్డ్ ప్లానెట్ అనే నాలుగు కంపెనీలు కలిసి వాప్ ఫోరం పెట్టుకున్నాయి. వాప్ అంటే వైర్‌లెస్ అప్లికేషన్ ప్రోటోకాల్. తెర చిన్నది, తరంగాల దారి ఇరుకు, ఫోనుకు బుర్ర తక్కువ. అందుకని ఇంటర్నెట్‌ను ఉన్నదున్నట్టు కాకుండా కుదించి పంపాలనేది వాళ్ళ ఆలోచన. ఆలోచన తప్పు కాదు. నోకియా 7110 తెర 96 చుక్కల వెడల్పు, 65 చుక్కల ఎత్తు, అంతే. మేం రాసే ఒక్కో తెరను కార్డు అనీ, కార్డుల కట్టను డెక్ అనీ పిలిచేవాళ్ళం. పేకాట మాటలు. పేకాటలో లాగే ఇక్కడా జేబు ఖాళీ అయ్యేది ఆడేవాడిదే. కట్ట మొత్తం కుదించాక 1,397 బైట్లు దాటితే ఆ ఫోను మింగేది కాదు. అందుకని మా ఆఫీసులో రోజంతా మాటలు కత్తిరించే పనే. ఊళ్ళ పేర్లు పొట్టి చేసేవాళ్ళం, కామాలు తీసేసేవాళ్ళం.

మేమెంత కత్తిరించినా లాభం లేకపోవడానికి కారణం వేరే ఉంది. ఆ రోజుల్లో ఫోను ఇంటర్నెట్‌కు వెళ్ళాలంటే ముందు ఒక మామూలు కాల్ చెయ్యాలి. అవతల కంపెనీ మోడెం ఎత్తాలి, రెండూ ఒకదాన్నొకటి పలకరించుకోవాలి, పాస్‌వర్డు సరిచూసుకోవాలి, ఆ తర్వాత గేట్‌వే అనే మధ్యవర్తి అసలు సైటుకు వెళ్ళి పేజీ తేవాలి. వేగం సెకనుకు 9,600 బిట్లు. మా పేజీ దిగడానికి నిజానికి ఒకటి రెండు సెకన్లు చాలు. కాలమంతా తినేసేది కలవడం, అడగడం, ఎదురుచూడటం. అది కాల్ కాబట్టి నిమిషాల లెక్కన డబ్బు. అంటే మనిషి చదివినందుకు కాకుండా, ఎదురుచూసినందుకు కట్టాలి. మధ్యలో బస్సు సొరంగంలోకి దూరిందా, లైను తెగిందా, మళ్ళీ మొదటి నుంచీ. వాప్ అంటే 'వెయిట్ అండ్ పే' అని ఇంగ్లండులో జోకు పుట్టింది. ఆగు, కట్టు అన్నమాట. మా ఆఫీసులో ఆ జోకు బయటివాళ్ళకంటే మేమే ఎక్కువ వేసుకునేవాళ్ళం.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. ఓ సాయంత్రం స్టేషనుకు వెళ్తూ పాడింగ్టన్ రైలు టైము చూద్దామని నెట్ తెరిచాను. టైము దొరికేసరికి స్టేషన్లో బోర్డు ముందు నిలబడి ఉన్నాను. ఫోను జేబులో వేసుకున్నాను. పేజీలోంచి బయటికొచ్చినంత మాత్రాన లైను తెగదనీ, ఫోను ఇంకా కొంతసేపు ఆ కాల్‌ను పట్టుకునే ఉంటుందనీ, ఎంతసేపనేది సెట్టింగుల్లో ఎక్కడో ఏడో మెట్టు కింద ఉంటుందనీ, పేజీలు రాసే నాకే తెలియదు. నెలాఖరున బిల్లు వచ్చింది. అడిగితే కాల్ సెంటర్ అమ్మాయి "మీరు లైన్లోనే ఉన్నారు సర్" అంది. ఆ కంపెనీ పేరు అనవసరం. ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు కూడా.

ఇలాంటి వస్తువును ఏమని అమ్మారో చూడండి. బీటీ సెల్‌నెట్ అనే ఫోను కంపెనీ ప్రకటనల్లో వెండి ఒళ్ళున్న సర్ఫర్ ఒకడు అల మీద తేలినట్టు నెట్ మీద తేలిపోయేవాడు. జేబులో ఇంటర్నెట్ అన్నారు. కంప్యూటర్ మీద ఇంటర్నెట్ చూసినవాడికి ఆ మాట వినగానే రంగు బొమ్మలు కళ్ళ ముందు మెదులుతాయి. పెట్టె విప్పితే నాలుగైదు వరసల నల్లక్షరాలు. విస్తరి పరిచి పాయసం అని చెప్పి గంజి పోస్తే, గంజి మంచిదే అయినా కోపం రాకుండా ఉంటుందా?

మాస్టారు ఆ మాట అన్న నెలలోనే లండన్‌లో ఒక అధ్యయనం బయటికొచ్చింది. జేకబ్ నీల్సన్, మార్క్ రామ్సే అనే ఇద్దరు, ఇరవై మందికి వాప్ ఫోన్లు ఇచ్చి వారం రోజులు వాడమన్నారు. వార్తలు చూడు, వాతావరణం చూడు, రాత్రికి టీవీలో ఏముందో చూడు, ఇలాంటి చిన్న పనులు. చిన్న పనులకే నిమిషాలు పట్టాయి. ఏడాదిలోగా వాప్ వాడతారా అని వారం తర్వాత అడిగితే నూటికి 70 మంది వాడమన్నారు. అందులో ఒకాయన లెక్క నాకెప్పుడూ గుర్తొస్తుంది. టీవీ కార్యక్రమాల పట్టీ ఫోనులో చూడటం కంటే పేపరు కొనుక్కుని, ఆ ఒక్క పేజీ ఉంచుకుని, మిగతాది పారేస్తే చవక అని తేల్చాడట. ఎస్టీడీ బూత్‌లో తొమ్మిది రూపాయల దగ్గర ఫోను పెట్టేసిన మన మనిషికీ ఈ లండన్ మనిషికీ తేడా ఏముంది? ఇద్దరూ లెక్క చూసుకున్నారు.

కంపెనీల వాళ్ళు మాత్రం ఏమన్నారు? జనానికి అవగాహన లేదు, అలవాటు పడాలి, కొత్తలో ఇంతే అన్నారు. నేనూ అన్నాను. జీతం తీసుకుంటున్నాను కదా. ఇప్పుడు చెబుతున్నాను, అది తప్పు. వాడనివాళ్ళకు విషయం మాకంటే బాగా అర్థమైంది.

ధర ఎక్కువ కాబట్టి వాడలేదనే వాదన ఒకటుంది. దాన్ని కూడా నేను ఒప్పుకోను. అదే ఫోనులో ఎస్సెమ్మెస్ ఉంది. 140 బైట్ల ఉత్తరం. ఇంగ్లండులో ఒక్కోదానికి 10 పెన్నీలకు అటూ ఇటూ. ఆ లెక్కన ఒక మెగాబైటు పంపాలంటే 7,490 ఎస్సెమ్మెస్‌లు, అంటే దాదాపు 749 పౌండ్లు. లోకంలో అంత ఖరీదైన సరుకు ఇంకోటి ఉందో లేదో! అయినా కుర్రకారు బొటనవేళ్ళు అరిగేలా పంపుకున్నారు. ఎందుకు? నొక్కకముందే ఎంతో తెలుసు. నొక్కాక అంతే పోతుంది. ఎదురుచూస్తే ఎక్కువ పోదు. మెసేజీ పొడుగ్గా ఉందా, రెండు అవుతుంది, అదీ ముందే తెలుస్తుంది. ఖరీదు జనాన్ని ఆపలేదు. ఎంతవుతుందో తెలియకపోవడం ఆపింది.

ఇప్పుడు జపాన్‌కు వెళ్దాం. అక్కడ కొంచెం ఎక్కువసేపు ఉంటాను, క్షమించండి. 1999 ఫిబ్రవరి 22న ఎన్టీటీ డొకొమో అనే కంపెనీ ఐ-మోడ్ అనే సేవ మొదలుపెట్టింది. వేగం అక్కడా సెకనుకు 9,600 బిట్లే. తెర అక్కడా చిన్నదే. ఆరు నెలల్లో, ఆగస్టుకల్లా పది లక్షల మంది చేరారు. 2000 ఆగస్టుకు కోటి మంది. లండన్‌లో నీల్సన్ ఇరవై మంది విసుక్కుంటున్న ఆ కాలంలోనే టోక్యో రైళ్ళలో జనం ఫోన్లలోకి తలలు వంచి చదువుకుంటున్నారు. వేగం ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడ?

ఆ సేవను నడిపినవారు కెయిచి ఎనోకి. ఆయనతో పనిచేసినవాళ్ళలో ఇద్దరు ముఖ్యులు. ఒకరు మారి మత్సునగ. ఆవిడ ఇంజనీరు కాదు, ఉద్యోగ ప్రకటనల పత్రికకు సంపాదకురాలిగా చేసినావిడ. రెండోవారు తకేషి నత్సునో. పత్రిక నడిపినవాళ్ళకు ఒక విద్య తెలుస్తుంది. పాఠకుడు కవరు పేజీ చూసి డబ్బు తియ్యాలి, లోపల పేజీ తిప్పగానే ఇచ్చిన డబ్బుకు తగిన సరుకు కనబడాలి. ఐ-మోడ్ ప్రకటనల్లో ఇంటర్నెట్ అనే మాటే దాదాపు రానివ్వలేదు. బ్యాంకులో ఎంతుందో చూసుకోండి, టికెట్టు కొనుక్కోండి, మెయిల్ పంపుకోండి, ఇంతే. పెద్ద హోటల్లో గుమ్మం దగ్గర నిలబడి ఏది కావాలన్నా చూసిపెట్టే మనిషి ఉంటాడు చూడండి, ఫోను అలా ఉండాలని మత్సునగ అనుకున్నారట. గంజిని గంజి అనే చెప్పి పోశారు. ఆకలి మీద ఉన్నవాడు సంతోషంగా తాగాడు.

ఇక మీటరు. ఐ-మోడ్ కాల్ చేసేది కాదు. సమాచారాన్ని చిన్న పొట్లాలుగా, ప్యాకెట్లుగా పంపేది. 128 బైట్ల పొట్లానికి 0.3 యెన్. నెలకు చందా 300 యెన్. మీరు పేజీ తెరిచి గంటసేపు దాన్నే చూస్తూ కూర్చున్నా పైసా పెరిగేది కాదు. దిగిన సరుకుకే లెక్క. ఎదురుచూపుకు డబ్బు లేదు, సొరంగానికి డబ్బు లేదు. ఫోను మీద 'ఐ' అని ఒక బొత్తాము, నొక్కగానే పట్టీ వచ్చేది. సెట్టింగులు లేవు. మా ఇంగ్లండు ఫోనులో గేట్‌వే నంబరు, డయల్ నంబరు, యూజర్ పేరు, పాస్‌వర్డు అన్నీ అంకెల మీటలతో కొట్టుకోవాలి. 'ఎస్' అక్షరం కావాలంటే ఏడును నాలుగుసార్లు నొక్కాలి. ఒక చుక్క తప్పితే ఏమీ రాదు, ఎందుకు రాదో అది చెప్పదు.

సరుకు అమ్మేవాడి సంగతి కూడా ఆలోచించారు. డొకొమో పట్టీలో చేరిన సైటు తన చందాను వినియోగదారుడి ఫోన్ బిల్లులోనే వసూలు చేసుకోగలిగేది. డొకొమో నూటికి 9 ఉంచుకుని మిగతాది సైటుకు ఇచ్చేది. బొమ్మల కంపెనీ బండాయ్ నెలకు 100 యెన్ తీసుకుని రోజుకో కార్టూను బొమ్మ ఫోనులోకి పంపేది. పెద్దలు నవ్వుకున్నారు గానీ, జనం కొన్నారు. పేజీలు రాసే భాష కూడా మామూలు వెబ్ పేజీల భాష హెచ్‌టీఎంఎల్‌కు చెల్లెలు లాంటిది, కాబట్టి బయటి కుర్రాళ్ళు రాత్రికి రాత్రి సైట్లు రాసి పెట్టేశారు. మేమేమో యూరప్‌లో కొత్త భాష నేర్చుకుని, దాన్ని చదివే ఫోన్లు ఎవరి దగ్గరా లేవని దిగాలు పడుతున్నాం.

ఒక పిట్టకథ. ఐ-మోడ్ మెయిల్‌లో 250 జపాను అక్షరాలే పట్టేవి. అంత ఇరుకులో కోపమో, నవ్వో తెలియాలంటే ఏం చెయ్యాలి? షిగెతక కురిత అనే యువకుడు 12 చుక్కల పొడవు, 12 చుక్కల వెడల్పులో 176 బొమ్మలు గీశాడు. సూర్యుడు, గొడుగు, గుండె, పగిలిన గుండె. మీరీ పూట వాట్సాప్‌లో ఎవరికో పంపిన నవ్వు ముఖానికి వాటితో బంధుత్వం ఉంది. 2016లో న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం ఆ 176 బొమ్మలనూ తన సేకరణలో చేర్చుకుంది.

జపాన్‌ను అతిగా పొగుడుతున్నానని మీలో కొందరికి అనిపించవచ్చు. రెండు సంగతులు ఒప్పుకోవాలి. ఒకటి, అక్కడి నేల వేరు. ఇంట్లో ఇంటర్నెట్‌కు లోకల్ కాల్ డబ్బులు నిమిషాల లెక్కన పడేవి కాబట్టి చాలామందికి కంప్యూటరు నెట్ అలవాటే లేదు. గంటల తరబడి రైలు ప్రయాణాలు. బడిపిల్లలు అప్పటికే పేజర్లలో అంకెలతో కబుర్లు చెప్పుకునేవారు. కంప్యూటరు నెట్‌తో పోలిక లేదు కాబట్టి ఫోను నెట్‌కు చిన్నతనమూ లేదు. రెండోది నాకింకా ముఖ్యం. మీటరు జబ్బు చివరికి ఐ-మోడ్‌నూ వదల్లేదు. బొమ్మలు పెద్దవయ్యాయి, పాటలొచ్చాయి, ఆటలొచ్చాయి. పొట్లాలు వేలు దాటి లక్షలయ్యాయి. పిల్లలకొచ్చిన బిల్లులు చూసి తల్లిదండ్రులు లబోదిబోమన్నారు. జపాను భాషలో దానికో మాటే పుట్టింది: పాకె-షి. ప్యాకెట్ చావు అని అర్థం. ఒక కంపెనీ 2003లో, డొకొమో 2004లో నెలకింత అని ఒకే ధర పథకాలు తెచ్చాక గానీ ఆ చావులు ఆగలేదు. పొట్లం మీటరు మంచిదే, పొట్లాలెన్నో మనిషి ఊహించగలిగినంత కాలం.

అమెరికా గురించి రెండు ముక్కలు చాలు. 1999లో పామ్ 7 అనే చేతి కంప్యూటరు వచ్చింది, యాంటెన్నా పైకెత్తితే నెట్. నెలకు పది డాలర్లకు 50 కిలోబైట్లు. కిలోబైటు అంటే ఎవరికి తెలుసు? అందుకని సుమారు 150 తెరలు అని కంపెనీయే అనువదించి చెప్పుకోవలసి వచ్చింది. రికొషే అనే ఇంకో సేవ వీధి దీపాల స్తంభాలకు రేడియో పెట్టెలు కట్టి, 2000 నాటికి సెకనుకు 128 కిలోబిట్ల వేగం ఇచ్చింది. మంచి వేగం. నెలకు 70, 80 డాలర్లు. మీటరు బాధ లేదు, కానీ తెలిసిన ధరే జేబుకు మించింది. దాన్ని నడిపిన మెట్రికామ్ 2001 జూలైలో దివాలా పిటిషన్ వేసింది. ధర అసలు అడ్డే కాదని నేననడం లేదని దీంతో మీకు అర్థమవుతుంది.

తర్వాత యూరప్ ఐ-మోడ్‌ను దిగుమతి చేసుకుంది. 2002లో జర్మనీ, నెదర్లాండ్స్. బ్రిటన్‌కు 2005లో వచ్చింది, రెండేళ్ళు తిరక్కుండానే చేతులెత్తేశారు. అప్పటికి మంచి ఫోన్లలో అసలు వెబ్బే కనబడుతోంది. వాప్ మీద ఒకసారి నోరు కాలినవాళ్ళు ఏ నెట్ బొత్తామునైనా ఊదుకుని చూస్తున్నారు. తొలి సేవ నమ్మకం చెడగొట్టిన ఫలితాన్ని మలి సేవ భరించాల్సి వచ్చింది.

మన సంగతికి వస్తాను. మన దగ్గర జీపీఆర్ఎస్ అనే ఫోను నెట్ రోజుల్లో ప్రీపెయిడ్ ధర ఏమిటో గుర్తుందా? పది కేబీలకు పది పైసలు. చాలా చవకగా వినబడుతుంది. కొట్టువాణ్ణి "కేబీ అంటే ఎంత బాబూ?" అని అడిగితే "చాలా తక్కువండీ" అనేవాడు. లెక్క వెయ్యండి. ఒక ఎంబీకి పది రూపాయల పైన. ఓ మాదిరి బొమ్మలున్న పేజీ 200 కేబీలుంటే, ఒక్కసారి తెరిచినందుకు రెండు రూపాయలు. కిళ్ళీకొట్టు దగ్గర పది రూపాయలు వేయించుకున్నవాడికి ఐదు పేజీలు. ఆ పేజీ 20 కేబీలా 200 కేబీలా అనేది తెరవకముందు దేవుడికి కూడా తెలియదు. దానికి తోడు చాలా ఫోన్లలో నెట్ బొత్తాము సరిగ్గా బొటనవేలు ఆనేచోటే ఉండేది. చొక్కా జేబులో నొక్కుకుపోయేది. బ్యాలెన్సులో రూపాయో రెండో మాయం.

మాస్టారు తన ఫోనులో ఆ బొత్తాము మీద సైకిల్ ట్యూబు పంచరుకు వేసే ప్యాచ్ ముక్క కత్తిరించి అతికించారు. దాని ఎత్తుకు వేలు తగిలి వెనక్కి వచ్చేస్తుంది. ఆయన చూసి వీధిలో నలుగురు అలాగే చేయించుకున్నారు. అప్పటికి రేడియో విద్యలో ఎంతో ఆరితేరిన మనిషి, తరంగం ఎలా పుడుతుందో బోర్డు మీద గీసి చూపించగల మనిషి, వైర్‌లెస్ ఇంటర్నెట్‌కు ఇచ్చిన గౌరవం రబ్బరు ముక్క. ఆయనకు అవగాహన లేదని ఏ మార్కెటింగ్ మేనేజరైనా అనగలడా?

ఒకవేళ ఎవరైనా ధైర్యం చేసి నొక్కినా, తెలుగువాడికి కనబడేది ఏమిటి? వరసగా చదరపు డబ్బాలు. తెలుగు అక్షరాలకు 1991లో వచ్చిన యూనికోడ్ అనే అక్షరాల పట్టిక తొలి కూర్పులోనే చోటుంది. ఫోన్లకు మాత్రం ఫాంటు లేదు, ఒత్తులు గుణింతాలు కలిపే తెలివి లేదు. పైగా మన అక్షరాలకు ఖర్చెక్కువ. నెట్‌లో మామూలుగా వాడే పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగు గుర్తుకు మూడు. 'శ్రీ' అని రాస్తే శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, వెరసి నాలుగు గుర్తులు, పన్నెండు బైట్లు. నేనింగ్లండులో కుస్తీ పట్టిన 1,397 బైట్లలో తెలుగు రాయగలిగినా 465 గుర్తులు పడతాయి. ఈ ఉపన్యాసం మొదటి రెండు పేరాలే పట్టవు. ఎస్సెమ్మెస్‌లోనూ అంతే. ఇంగ్లీషులో 160 అక్షరాలు పట్టే చోట తెలుగులో 70. అందులో 'శ్రీ' ఒక్కటే నాలుగు తినేస్తుంది. మనవాళ్ళు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టడం ఫ్యాషన్ కోసం మొదలుపెట్టారని తిట్టేవాళ్ళు ఈ లెక్క ఒకసారి చూడాలి. అమ్మభాషలో రాస్తే ఉత్తరం సగానికి పైగా కుంచించుకుపోయేది.

ఆ చదరపు డబ్బాల్ని చాలామందికి తప్పించినవాళ్ళు నార్వేవాళ్ళు. 2006లో ఓపెరా మినీ బ్రౌజర్ ప్రపంచమంతటికీ వచ్చింది. పేజీని తమ సర్వర్ల దగ్గరే పిండి, పలచగా చేసి ఫోనుకు పంపేది. అంటే కేబీల మీటరు నెమ్మదిగా తిరిగేది. చిరునామా చోట 'ఓపెరా:కాన్ఫిగ్' అని కొడితే ఒక రహస్య పట్టీ వచ్చేది. అందులో కష్టమైన లిపులను బొమ్మలుగా చూపించమనే వరస ఉండేది, దాన్ని అవునని మార్చాలి. అంతే, డబ్బాలు పోయి తెలుగు వచ్చేది. అక్షరాలు బొమ్మలుగా దిగుతాయి కాబట్టి ఖర్చు కొంత పెరిగేది, అయినా ఆ కిటుకును ఒకరికొకరు మంత్రోపదేశంలా చెప్పుకున్నారు. ఎంతమంది తెలుగు పాఠకులు మొదటిసారి ఫోనులో తెలుగు చదివింది ఆ దొడ్డిదారినే! లోపలి అమరికలో మన లిపి ఎంత పరాయిదో ఆ తర్వాత కూడా బయటపడుతూనే ఉంది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే ఒక్క అక్షరం, కనబడని గుర్తొకటి కలిసి, మెసేజీలో వస్తే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలాయి. జ్ఞానం బరువు మొయ్యలేకపోయిందని అప్పుడు మాస్టారు బతికుంటే అనేవారు.

ఇక అడక్కుండా తగిలించిన సేవలు. కాలర్ ట్యూను, జాతకం, క్రికెట్ స్కోరు. ఎక్కడో ఏదో నొక్కారనేవారు, నెలకు ముప్ఫై రూపాయలు కోసేసేవారు. పల్లెల్లో ముసలివాళ్ళు ఫోను ఇంట్లో పెట్టి పొలానికి వెళ్ళి వచ్చేలోపు బ్యాలెన్సు పోయిందంటే ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2013 జూలైలో, ఇలాంటి సేవ తగిలించాలంటే వినియోగదారుడు రెండుసార్లు అవునని చెప్పాలని ఆదేశించింది. 2015లో ఇంటర్నెట్ సంగతి తేల్చింది. అడక్కుండా డేటా తెరవకూడదు. తెరవడానికీ మూయడానికీ 1925 అనే ఉచిత నంబరు. వాడిన ప్రతిసారీ ఎంత వాడారో చెప్పాలి. చూశారా, మాస్టారు అడిగిన మీటరు! ఆయన అడిగిన 15 ఏళ్ళకు వచ్చింది. అప్పటికి ఆయన లేరు.

తర్వాతి కథ మీకు తెలుసు. 2016 సెప్టెంబరు నుంచి జియో, ఆ వెనక అందరూ రోజుకింత అనే లెక్కకు వచ్చారు. టీకొట్టు దగ్గర కూర్చున్న పెద్దాయన "ఇవాళ్టి నెట్ అయిపోయింది, రాత్రి పన్నెండు దాటాక వస్తుంది" అంటాడు, మజ్జిగ అయిపోయిందన్నంత మామూలుగా. ఆయన జీబీ అంటే ఏమిటో నేర్చుకోలేదు. నేర్చుకోవలసిన పని లేకుండా ధర చెప్పడం కంపెనీలు నేర్చుకున్నాయి.

ఇదీ నేను మాస్టారికి బాకీ పడ్డ జవాబు. ఆ రోజు నెలాఖరుకి బిల్లు వస్తుందని చెప్పి ఊరుకున్నాను. మీటరు లేదండీ, మేం పెట్టలేదు, పెట్టాలని మాకు తోచలేదు అని చెప్పి ఉండాల్సింది. నేను పేజీలు రాసిన ఆ చిన్న కంపెనీ మూతపడింది. డొకొమో ఐ-మోడ్‌ను 2026 మార్చి 31తో ఆపేస్తామని 2019లోనే ప్రకటించింది. మాస్టారి ఫోను అమ్మగారి బీరువాలో ఉంది, నిన్న చూపించారు. ప్యాచ్ ముక్క ఊడలేదు.

ఈ హాల్లో వెనక వరసల్లో యాప్‌లు రాసే పిల్లలు చాలామంది కనబడుతున్నారు. మీకొక పని చెబుతాను. ఈ రాత్రి ఇంటికెళ్ళి అమ్మ ఫోనో నాన్న ఫోనో అడిగి తీసుకోండి. నెలనెలా ఏ సేవకు ఎంత పోతోందో వెతికి, రూపాయల్లో ఒక కాగితం మీద పెద్దక్షరాలతో తెలుగులో రాసి వాళ్ళ చేతికివ్వండి. అక్కర్లేనివి వాళ్ళే చెబుతారు, మీరు తీసెయ్యండి.